తీగ మీద తెర – 9: ముక్కలు చేశాకే కుదురుగా కదిలిన బొమ్మ

సర్వర్లను ప్రేక్షకుడి ఊరికి దగ్గరగా తెచ్చిన ఆకమై కథ గత భాగంలో చెప్పుకున్నాం. సర్వర్ పక్క వీధిలోనే ఉన్నా వీడియో ఆగకుండా ఆడుతుందన్న నమ్మకం లేదు. ఇంటిదాకా వచ్చే ఆఖరి తీగ, ఫోనుకూ టవరుకూ మధ్యనున్న ఆ కాస్త గాలి ఏ క్షణాన ఎలా ఉంటాయో ముందుగా చెప్పగలిగినవాళ్ళు లేరు. ఈ నిలకడలేనితనాన్ని తట్టుకోవడం ప్లేయర్లు ఎలా నేర్చుకున్నాయన్నది ఈ భాగం. దానికి 1995 నుంచి మొదలుపెట్టాలి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో, సియాటిల్ నగరంలోని ప్రోగ్రెసివ్ నెట్‌వర్క్స్ అనే కొత్త కంపెనీ రియల్‌ఆడియో ప్లేయర్‌ను విడుదల చేసింది. దాని వ్యవస్థాపకుడు రాబ్ గ్లేజర్ అంతకుముందు మైక్రోసాఫ్ట్‌లో పనిచేసినవాడు. సెప్టెంబరు 5న సియాటిల్ మారినర్స్, న్యూయార్క్ యాంకీస్ జట్లు బేస్‌బాల్ ఆడుతుంటే, ఆ వ్యాఖ్యానాన్ని ఈఎస్‌పీఎన్ వారి స్పోర్ట్స్‌జోన్ సైట్ ఈ ప్లేయర్ ద్వారా ప్రత్యక్షంగా వినిపించింది. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టి అప్పటికి మూడు వారాలే. అది ఆగస్టు 15న మొదలైంది.

అప్పటిదాకా నెట్‌లో దొరికిన పాట వినాలంటే ఫైలంతా డౌన్‌లోడ్ కావాల్సిందే. సీడీ నాణ్యతతో మూడు నిమిషాల పాట, సెకనుకు 28.8 కిలోబిట్లు లాగే మోడెం మీద రావడానికి దాదాపు రెండున్నర గంటలు పడుతుంది. గ్లేజర్ బృందం ముందు ధ్వనిని మోడెం మోయగలిగినంతకు కుదించింది. తర్వాత, వస్తున్నది వస్తుండగానే వినిపించే ఏర్పాటు చేసింది. ఈ రెండో పనితోనే బఫర్ అనేది మామూలు జనం కంటపడింది.

మున్సిపాలిటీ నీళ్ళ మీద బతికే ఏ ఇంటివాళ్ళకైనా దీని సంగతి చప్పున అర్థమవుతుంది. కుళాయి ధార ఒకసారి లావుగా, ఒకసారి సన్నగా వస్తుంది. ఒక్కోసారి బుస్సుమని గాలి తప్ప ఏమీ రాదు. డాబా మీద ట్యాంకు ఉంటే మాత్రం కింద బాత్రూమ్‌లో ధార ఒకేలా పడుతుంది. నెట్ నుంచి ప్యాకెట్లు వచ్చే తీరు ఆ కుళాయిదే. అందుకని ప్లేయర్ కొన్ని సెకన్ల ధ్వనిని మెమరీలో ముందుగా నింపుకుని, ఆ తర్వాతే వినిపించడం మొదలుపెడుతుంది. నిండేదానికంటే వాడేది ఎక్కువైతే ట్యాంకు అడుగంటుతుంది, పాట ఆగుతుంది. అప్పుడు రియల్‌ప్లేయర్ కింది పట్టీలో బఫరింగ్ అన్న మాట, దాని పక్కన నెమ్మదిగా పెరిగే శాతం అంకె కనిపించేవి. 2000 ప్రాంతంలో అమెరికాలో ఉద్యోగాలకు వెళ్ళిన తెలుగువాళ్ళలో చాలామంది ఆ అంకెను చూస్తూ సినిమా పాటల కోసం కాచుకున్నవాళ్ళే. పాట పేరు మీద నొక్కితే 'రామ్' అన్న తోకతో ఓ బుల్లి ఫైలు వచ్చేది. అందులో పాట ఉండదు, పాట ఏ సర్వర్‌లో ఉందో చెప్పే చిరునామా ఒక్కటే ఉంటుంది. ఇలాంటి బుల్లి ఫైలే ఈ కథలో ఇంకోసారి వస్తుంది, అప్పుడు దాని బరువు చాలా ఎక్కువ.

ఆ రోజుల్లో నిపుణులందరిదీ దాదాపు ఒకటే మాట. వెబ్ పేజీలు తెచ్చే హెచ్‌టీటీపీ, దాని కింద నడిచే టీసీపీ వీడియోకు పనికిరావని. టీసీపీకి ఒక పట్టుదల ఉంది. దారిలో ఒక ప్యాకెట్ పోతే అది మళ్ళీ వచ్చేదాకా వెనక వచ్చినవాటిని ప్లేయర్ చేతికి ఇవ్వదు. పైగా ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ ఉందని లెక్కేసుకుని తన వేగం తానే తగ్గించుకుంటుంది. క్షణం ఆలస్యమైనా చెడిపోయే మాటకూ పాటకూ ఈ నిదానం కుదరదని, పోయింది పోనిమ్మని ముందుకు సాగే యూడీపీ దారి పట్టారు. దానికి తగ్గ నియమావళులూ రాసుకున్నారు. ఆర్‌టీపీ 1996 జనవరిలో, ఆర్‌టీఎస్‌పీ 1998 ఏప్రిల్‌లో అధికారికంగా వెలువడ్డాయి. ప్లే, పాజ్ అన్న ఆజ్ఞలు ప్లేయర్ పంపుతుంది. సర్వర్ ప్రతి ప్రేక్షకుడినీ విడిగా గుర్తుపెట్టుకుని, ఎవరికి ఎంతవరకు పంపిందో లెక్క ఉంచుకుని, తూచినట్టు పంపుతుంది.

చక్కగా ఆలోచించి కట్టిన పద్ధతే. ఆచరణలో చిక్కులు వచ్చాయి. ఆఫీసుల ఫైర్‌వాళ్ళు యూడీపీని గుమ్మంలోనే ఆపేసేవి. ఒక్కో ప్రేక్షకుడికి సర్వర్ కొంత మెమరీ, కొంత శ్రద్ధ కేటాయించాలి కాబట్టి జనం పెరిగేకొద్దీ సర్వర్ చతికిలబడేది. 1999 ఫిబ్రవరిలో విక్టోరియాస్ సీక్రెట్ ఫ్యాషన్ షోను నెట్‌లో చూపిస్తామని టీవీలో ప్రకటన ఇస్తే, లక్షల మంది ఒక్కసారిగా ఎగబడ్డారు. చాలామందికి బొమ్మే రాలేదు.

అప్పటికి రియల్‌నెట్‌వర్క్స్‌గా పేరు మార్చుకున్న గ్లేజర్ కంపెనీకి ఒక గౌరవం దక్కాలి. ఒకే వీడియోను పలు వేగాలకు తగ్గట్టు పలు రకాలుగా తయారుచేసి, లైను బలాన్ని బట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి మారడమన్న ఆలోచనను 1998లోనే ష్యూర్‌స్ట్రీమ్ పేరుతో అమల్లో పెట్టింది వాళ్ళే. తర్వాత పదేళ్ళకు గెలిచిన పద్ధతిలో సగం ఇదే. మిగతా సగం, అంటే సర్వర్ పెత్తనం తీసేయడం, వాళ్ళ దారిలో లేదు. సర్వర్లు అమ్ముకునే కంపెనీకి ఆ ఆలోచన రాకపోవడంలో నాకు వింతేమీ కనిపించదు.

ఈలోగా ఏ సిద్ధాంతమూ లేకుండా యూట్యూబ్ వచ్చింది. 2005 ఏప్రిల్ 23న దాని వ్యవస్థాపకుల్లో ఒకడైన జావేద్ కరీం శాన్ డియాగో జూలో ఏనుగుల ముందు నిలబడి మాట్లాడిన 19 సెకన్ల వీడియో అందులో ఎక్కింది. పంపే పద్ధతి మహా మొరటు. మామూలు వెబ్ సర్వర్ ఫైలును మామూలు హెచ్‌టీటీపీ మీద, వీలైనంత వేగంగా, మొదటి నుంచి చివరిదాకా తోసేస్తుంది. బ్రౌజర్‌లోని ఫ్లాష్ ప్లేయర్ మొదటి భాగం రాగానే ఆడించడం మొదలుపెడుతుంది. ఫైర్‌వాళ్ళకు ఇది వెబ్ పేజీలాగే కనిపిస్తుంది, అడ్డుపడవు. నిపుణులు కాదన్న టీసీపీ ఇక్కడ బాగానే పనిచేసింది. కారణం మళ్ళీ ట్యాంకే. ముందుగా తీసిపెట్టుకున్న వీడియోకు పది ఇరవై సెకన్ల నిల్వ ఉంటే, పోయిన ప్యాకెట్ మళ్ళీ వచ్చేంత వ్యవధి ఎప్పుడూ ఉంటుంది. అవసరమైనప్పుడల్లా కాసేపు ఆగగలిగితే ఆ నిదానం దోషమే కాదు. ఇంత సూటి విషయం పదేళ్ళు మరుగున పడి ఉండటానికి కారణం, అందరూ టెలిఫోన్ సంభాషణను మనసులో పెట్టుకుని సినిమాకు నియమాలు రాయడమే అనుకుంటాను.

మన ఊళ్ళలో నెట్ సెంటర్ల కాలం అది. యూట్యూబ్‌లో పాట పెట్టగానే పాజ్ నొక్కడం అందరికీ అలవాటు. ఎర్ర గీత ముందు బూడిదరంగు గీత మెల్లగా కుడివైపుకు పాకుతూ ఉంటుంది. అది చివరిదాకా నిండాక ప్లే నొక్కితే పాట ఎక్కడా ఆగదు. 256 కిలోబిట్ల బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంట్లో కూడా ఓపిక ఉంటే మంచి క్లారిటీతో చూడగలిగేవాళ్ళు. కంపెనీ కోణంలో ఇది దుబారా. పది నిమిషాల వీడియోను చూసేవాడు మొదటి నిమిషంలోనే విసిగి మూసేస్తే, అప్పటికే పంపిన మిగతా తొమ్మిది నిమిషాలూ బూడిదలో పోసినట్టు. లైను మధ్యలో పలచబడితే చేయగలిగిందీ లేదు. ఎంచుకున్న క్లారిటీ ఎంచుకున్నట్టే ఉంటుంది, వీడియో ఆగి ఆగి వస్తుంది.

మొరటుదనం సరళంగా ఉంది కానీ తెలివి లేదు. తెలివి ఉన్న పద్ధతి సర్వర్‌ను చంపుతోంది. రెంటినీ కలిపే పని అమెరికాలోని యూటా రాష్ట్రంలో జరిగింది. డ్రూ మేజర్ అనే ఇంజినీరు అంతకుముందు నావెల్ కంపెనీలో నెట్‌వేర్ తయారీకి ముఖ్యుడు. 1990లలో మన ఆఫీసు కంప్యూటర్లను కూడా కలిపిన నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ అదే. ఆయన మూవ్ నెట్‌వర్క్స్‌లో చేసిన పని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. వీడియోను కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనూ పలు క్లారిటీల్లో తయారుచేసి, ఒక్కోదాన్ని ఒక్కో మామూలు ఫైలుగా వెబ్ సర్వర్‌లో పెట్టడం. 2007లో ఏబీసీ టీవీ తన ధారావాహికలను ఈ పద్ధతిలో నెట్‌లో చూపించింది.

సర్వర్‌కు ఇక సినిమా అంటే తెలియనక్కర్లేదు. ఫలానా ఫైలు ఇవ్వు అంటే ఇస్తుంది, మరుక్షణం మరిచిపోతుంది. ఆ ఫైళ్ళను బొమ్మల్ని దాచినట్టే ఆకమై సర్వర్లు ఊరూరా దాచుకోగలవు. తర్వాతి ముక్క ఏ క్లారిటీలో కావాలో అడిగేది ప్లేయర్. లైను ఎలా ఉందో, ట్యాంకులో ఎన్ని సెకన్లు మిగిలాయో, తెర ఎంత పెద్దదో దానికే తెలుసు. నిర్ణయం చేసే అధికారం దూరాన ఉన్న సర్వర్ నుంచి చూసేవాడి చేతిలోని యంత్రానికి మారింది. గడిచిన ముప్పై ఏళ్ళలో వీడియో బాగుపడింది తీగలు లావెక్కడం వల్లే అని అంటుంటారు. తీగల సంగతి నిజమే కానీ, ఈ చేయి మారడమే అసలు మలుపని నా అభిప్రాయం.

మూవ్ నెట్‌వర్క్స్ నిలబడలేదు. దాని ఆస్తుల్ని ఎకోస్టార్ కొనుక్కుంది. ఆ ఆలోచన లోకమంతా పాకింది మాత్రం ఐఫోన్ వల్ల. 2009 మేలో ఆపిల్ ఇంజినీరు రోజర్ పాంటోస్ హెచ్‌టీటీపీ లైవ్ స్ట్రీమింగ్ ముసాయిదా బయటపెట్టాడు. జూన్‌లో వచ్చిన ఐఫోన్ ఓఎస్ 3.0లో అది చేరింది.

ఇందులో కీలకం మళ్ళీ ఒక బుల్లి టెక్స్ట్ ఫైలు. విన్యాంప్‌లో ఎంపీ3 పాటల జాబితాకు వాడిన ఎం3యు పద్ధతినే పాంటోస్ తీసుకున్నాడు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎవరైనా చదవొచ్చు. పైన ఒక గుర్తు వరుస, దాని కింద ముక్కల గరిష్ఠ నిడివి ఎంతో చెప్పే వరుస. ఆ తర్వాత ఒక్కో ముక్కకు రెండేసి వరుసలు: పైదానిలో ఆ ముక్క ఎన్ని సెకన్లో, కిందిదానిలో దాని చిరునామా. సినిమా అయితే అట్టడుగున 'జాబితా అయిపోయింది' అనే వరుస ఉంటుంది. ప్రత్యక్ష ప్రసారానికి ఆ వరుస ఉండదు. ప్లేయర్ కొన్ని సెకన్లకోసారి అదే ఫైలును మళ్ళీ తెచ్చుకుని, అడుగున కొత్తగా చేరిన ముక్కలేమిటో చూసుకుంటుంది. వీటన్నిటి పైన ఇంకో జాబితా ఉంటుంది. ఏ క్లారిటీకి సెకనుకు ఎన్ని బిట్లు కావాలో, దాని ముక్కల జాబితా ఎక్కడుందో అది చెబుతుంది. పది సెకన్ల చొప్పున కోస్తే రెండు గంటల సినిమా ఒక్కో క్లారిటీకి 720 ముక్కలు.

అన్ని క్లారిటీలనూ సరిగ్గా ఒకే క్షణాల దగ్గర కోస్తారు. మామూలుగా వీడియోలో చాలా ఫ్రేములు ముందు ఫ్రేముకూ తమకూ ఉన్న తేడాను మాత్రమే మోస్తాయి. ప్రతి ముక్కా మాత్రం పూర్తి బొమ్మతో మొదలయ్యేలా చూస్తారు. అందుకే పదకొండో ముక్క మసకదైనా పన్నెండోది మంచిది తెచ్చి అతికిస్తే అతుకు కనిపించదు. వేలితో గీతను ముందుకు లాగినప్పుడు ప్లేయర్ ఉన్న నిల్వను పారబోసి, కొత్త చోటి ముక్క నుంచి మొదలుపెడుతుంది. త్వరగా మొదలవ్వాలని చాలా ప్లేయర్లు ముందు చిన్న ముక్క అడుగుతాయి. మొదటి కొన్ని సెకన్లు గళ్ళు గళ్ళుగా కనిపించి తర్వాత తేటపడటానికి కారణం ఇదే. సెల్ నెట్‌వర్క్ మీద నడిచే యాప్‌లకు ఆపిల్ ఇంకో నిబంధన పెట్టింది. క్లారిటీల మెట్లలో అన్నిటికంటే కింద, 64 కిలోబిట్లలో శబ్దం మాత్రమే ఉండే మెట్టు ఒకటి అప్పట్లో ఉండి తీరాల్సి వచ్చేది. బొమ్మ మోయలేనంత లైను పలచబడినా మాట మాత్రం వినిపించాలని.

నెట్‌ఫ్లిక్స్ కూడా ఈ దారే పట్టింది. 2015 దాకా అది వాడిన మెట్లు పది. అడుగు మెట్టు 235 కిలోబిట్లు, 320×240 చుక్కల బొమ్మ. పై మెట్టు 5800 కిలోబిట్లు, 1080పీ. 2012 ఏప్రిల్‌లో ఈ ముక్కల పద్ధతికి ఎంపెగ్-డ్యాష్ అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది. అక్కడికి కోసే గొడవ తీరింది. ఏ మెట్టు ఎప్పుడు అడగాలన్నది మిగిలింది. చూసేవాళ్ళ ఓపిక ఎంత తక్కువో కూడా అప్పుడే అంకెల్లో తేలింది. ఎస్. షణ్ముగ కృష్ణన్, రమేశ్ సీతారామన్ అనే పరిశోధకులు 67 లక్షల మంది ప్రేక్షకుల 2.3 కోట్ల వీక్షణల రికార్డులు తీసి 2012లో ప్రకటించారు. మొదలవడానికి రెండు సెకన్లు దాటితే జనం వెళ్ళిపోవడం ప్రారంభిస్తారు. ఆపైన ప్రతి సెకనుకూ వెళ్ళిపోయేవాళ్ళు 5.8 శాతం చొప్పున పెరుగుతారు.

తొలి ప్లేయర్ల లెక్క సూటిగా ఉండేది. గత ముక్క ఎంత వేగంగా వచ్చిందో కొలిచి, అంతలో సరిపోయే మెట్టు అడగడం. అదే ఏడాది స్టాన్‌ఫోర్డ్‌లో తె-యువాన్ హువాంగ్, నిఖిల్ హండిగోల్, నిక్ మెకీన్, రమేశ్ జోహారి తదితరులు ఈ కొలత ఎలా మోసం చేస్తుందో పట్టుకున్నారు. ఇంట్లో ఒకరు సినిమా చూస్తున్నారు, ఇంకొకరు అదే లైనులో పెద్ద ఫైలు డౌన్‌లోడ్ చేస్తున్నారనుకోండి. న్యాయంగా ఇద్దరికీ చెరి సగం రావాలి. ప్లేయర్ తన ట్యాంకు నిండగానే కాసేపు అడగడం మానేస్తుంది. ఆ విరామంలో డౌన్‌లోడ్ లైనంతా ఆక్రమిస్తుంది. ప్లేయర్ మళ్ళీ అడిగేసరికి దాని టీసీపీ మొదటి నుంచి వేగం పెంచుకుంటూ రావాలి. ఆ పుంజుకోవడం పూర్తయ్యేలోపే ముక్క అయిపోతుంది. కొలిస్తే తన న్యాయమైన వాటాకంటే తక్కువ వేగం కనిపిస్తుంది. భయపడి కింది మెట్టు అడుగుతుంది. కింది మెట్టు ముక్క ఇంకా చిన్నది కాబట్టి పుంజుకునే వ్యవధి ఇంకా తక్కువ, కొలతలో వేగం ఇంకా తక్కువ. ట్యాంకు నిండుగా ఉండగానే, ఎవరూ తరమకుండానే, ప్లేయర్ మెట్లన్నీ దిగి అడుక్కు చేరేది.

రెండేళ్ళ తర్వాత హువాంగ్, జోహారి, మెకీన్‌లు నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్లతో కలిసి ఇచ్చిన జవాబు నాకు ఈ చరిత్ర మొత్తంలో అందమైనదిగా అనిపిస్తుంది. కుళాయి వేగం కొలవడం మానేద్దాం, ట్యాంకులో మట్టం చూద్దాం అన్నారు. మట్టం తక్కువగా ఉంటే అడుగు మెట్టు. మట్టం పెరిగేకొద్దీ పై మెట్టు. నిండుగా ఉంటే అన్నిటికంటే పైది. లైను ఎలా ఉందన్న సమాచారం ఆ మట్టంలోనే ఉంది కదా. వాళ్ళు పరీక్షించిన ప్లేయర్ ట్యాంకు 240 సెకన్లు, ముక్క నాలుగు సెకన్లు. లక్షల మంది నిజమైన ప్రేక్షకుల మీద నడిపి చూస్తే, మధ్యలో ఆగిపోవడం నెట్‌ఫ్లిక్స్ అప్పటి పద్ధతికంటే 10 నుంచి 20 శాతం తగ్గింది, సగటు క్లారిటీ దాదాపు అంతే ఉంది. వేగాన్ని కొలవాల్సిన అవసరం ఒక్క ఆరంభంలోనే, ట్యాంకు ఇంకా ఖాళీగా ఉన్నప్పుడే మిగిలిందని వాళ్ళు తేల్చారు.

ఈ గెలుపులో పోగొట్టుకున్నదీ ఒకటి ఉంది, దాన్ని చరిత్రలో రాయకపోతే అన్యాయం. 2013 ప్రాంతంలో యూట్యూబ్ ముక్కల పద్ధతికి మారాక, పాజ్ నొక్కి గీత నింపుకునే ఉపాయం చచ్చిపోయింది. ప్లేయర్ కొంతమేర నింపుకుని ఆగిపోతుంది, ఎంతసేపు కూర్చున్నా బూడిద గీత చివరిదాకా పాకదు. సన్నటి లైను ఉన్నవాడికి పాత పద్ధతిలో ఒక బేరం ఉండేది: ఓపిక పట్టు, మంచి బొమ్మ చూడు. కొత్త పద్ధతి ఆ బేరం తీసేసి, నీ లైనుకు ఈ మసక బొమ్మే అని తేల్చింది. ఓపిక ఉన్నవాడి ఓపికకు విలువ ఇవ్వని డిజైన్ అది, నేనిప్పటికీ దాన్ని సమర్థించలేను. 2014 డిసెంబరులో యూట్యూబ్ భారత్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌లలో వీడియోను ఫోన్‌లో దాచుకునే ఆఫ్‌లైన్ సదుపాయం ఇచ్చింది. లైను బాగున్నప్పుడు నింపుకుని తీరిగ్గా చూసుకునే ఆ పాత హక్కు కొంతైనా తిరిగి దక్కింది.

ప్రత్యక్ష ప్రసారానికి ఈ జవాబులు సగమే పనికొస్తాయి. ఇంకా వేయని బంతిని ట్యాంకులో నింపుకోవడం కుదరదు. ఆపిల్ నియమం ప్రకారం ప్లేయర్ జాబితా చివర నుంచి కనీసం మూడు ముక్కల వెనక మొదలవ్వాలి. పది సెకన్ల ముక్కలైతే అక్కడే అర నిమిషం. ఫోన్‌లో బౌలర్ ఇంకా పరుగు తీస్తుండగానే పక్కింటి టీవీ దగ్గర సిక్సర్ కేకలు వినిపించడం ఇందువల్లే. ముక్క చిన్నదైతే వెనకబాటు తగ్గుతుంది, లైను తడబడితే తట్టుకునే నిల్వా తగ్గుతుంది. ఆపిల్ తర్వాత ఆరు సెకన్ల ముక్కలు సిఫారసు చేసింది. 2019లో ముక్క పూర్తికాకముందే అందులోని చిన్న భాగాలను పంపే ఏర్పాటు ప్రకటించింది.

2019 జులై 10న భారత్, న్యూజిలాండ్ ప్రపంచకప్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే క్షణాన 2.53 కోట్ల మంది చూశారు. 2023 నవంబరు 19 ఫైనల్‌కు ఆ సంఖ్య 5.9 కోట్లు. సర్వర్ ఒక్కో ప్రేక్షకుడిని గుర్తుపెట్టుకునే 1998 నాటి పద్ధతిలో ఇది ఊహకందదు. ముక్కలు అందరికీ ఒకటే కాబట్టి దారి పొడుగునా దాచిన ప్రతుల నుంచే అందుతాయి. సెమీఫైనల్‌లో ధోనీ రనౌట్ అయినప్పుడు వచ్చిన కష్టం వేరే చోట. నిరాశపడ్డ జనం ఒక్కుమ్మడిగా బ్యాక్ నొక్కి యాప్ మొదటి పేజీకి వచ్చిపడ్డారు. ఆ పేజీ ఒక్కొక్కరికి ఒక్కోలా తయారుకావాలి, ముందే దాచిపెట్టుకోవడం వీడియో ముక్కల్లాగా కుదరదు.

ఆ సెమీఫైనల్ తర్వాత, 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దేశమంతా ఇళ్ళలో ఫోన్లు పట్టుకుని కూర్చుంది. మొబైల్ నెట్‌వర్క్‌ల మీద ఒత్తిడి పెరగడంతో, మార్చి 24న స్ట్రీమింగ్ కంపెనీలన్నీ కూడబలుక్కుని ఏప్రిల్ 14 దాకా సెల్ నెట్‌వర్క్‌లలో 480పీ దాటి చూపించమని ప్రకటించాయి. ముక్కల పద్ధతిలో ఇలాంటిదానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు, జాబితాలో పై మెట్లు చూపకపోతే ప్లేయర్ వాటిని అడగదు. అసలు ఒక్కో మెట్టులో బొమ్మను అన్ని తక్కువ బిట్లలో ఎలా ఇరికిస్తున్నారన్నది, కార్టూన్‌కూ క్రికెట్‌కూ ఒకే మెట్లు పనికిరావని 2015లో నెట్‌ఫ్లిక్స్ ఎలా తెలుసుకుందన్నది వచ్చే భాగంలో.